వాన వినబడని గది

మాయాబందర్ నుంచి ఆ భార్యాభర్తలు పోర్ట్ బ్లెయిర్ డెలానీపూర్‌లో మా ఇంటికి వచ్చిన రోజు కూడా వాన పడుతూనే ఉంది. మా దీవుల్లో అది చెప్పుకోవాల్సిన సంగతేమీ కాదు, ఏడాదిలో సగానికి పైగా ఇంతే. కానీ వాళ్లు అంత దూరం వచ్చింది ఆ వాన గురించే.

ఆయనకి మాయాబందర్ బజార్లో హార్డ్‌వేర్ దుకాణం. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి స్థిరపడిన కుటుంబం, మాలాగే. ఆవిడకి నలభై దాటి ఉంటాయి. చురుకైన మనిషి, కళ్లలో నవ్వు ఉంది. కుడిచెయ్యి మాత్రం భుజం నుంచి వేళ్ల దాకా వాచిపోయి ఉంది. దాన్ని ఎవరి పసిబిడ్డనో పట్టుకున్నట్టు ఒళ్లో జాగ్రత్తగా పెట్టుకుని కూర్చుంది.

"మా గుంటకి పంతొమ్మిదేళ్లు దీదీ," అంది కూతురి గురించి. "మాట రాదు. ఆటిజం అని చిన్నప్పుడే చెప్పారు. మామూలప్పుడు దాని లోకం దానిది, ఎవరి జోలికీ పోదు. బారిష్ వచ్చిందంటే మాత్రం పాగల్ అయిపోద్ది. మాది రేకుల ఇల్లు. రేకు మీద చినుకు పడ్డాదంటే చెవుల మీద కొట్టుకుంటాది, తల గోడకేసి కొట్టుకుంటాది."

"అప్పుడు మీరేం చేస్తారు?"

"పట్టుకుంటాను. ఎనకనుంచి, గట్టిగా. వాన ఆగేదాకా వదల్ను. దాని చిన్నప్పట్నుంచీ అంతే."

ముందు సంవత్సరం చెన్నైలో ఆవిడకి రొమ్ము ఆపరేషన్ అయింది. చంకలో గడ్డలు కూడా తీసేశారు. అప్పటినుంచి చెయ్యి వాపు. ఆ చేత్తో బరువు పట్టకూడదన్నారు. కూతురేమో తల్లిని మించి పెరిగింది. "పట్టు ఆగట్లేదు దీదీ, జారిపోతంది," అని, తర్వాత కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా, "మళ్లీ వొచ్చీసిందన్నారు. ఈసారి ఎముకల్లోకి," అంది.

భర్త లేచి వరండాలోకి వెళ్లి, వాన చూస్తున్నట్టు నిలబడ్డాడు.

ఆవిడ నావైపు వంగింది. "మీరు గదులు కడతారట కదా ఇలాంటి పిల్లలకి. నేను పట్టుకున్నట్టు పట్టుకునే వస్తువు ఏదైనా చేసి పెట్టండి. నేనుండగానే."

నేను చేసే పని గురించి కొంచెం చెప్పాలి. కొందరికి వెలుగు, చప్పుడు, స్పర్శ మనకు తెలిసినట్టు తెలియవు. మనకి గాలిలా తగిలేది వాళ్లకి చెంపదెబ్బలా తగులుతుంది. మనకి చాలినంతగా తెలిసేది వాళ్లకి అసలు తెలియనే తెలియదు. అలాంటివాళ్లు స్థిమితపడడానికి మెత్తటి వెలుగు, ఊయల, ఒంటి మీద ఆనించుకునే బరువులు, ఇలాంటివన్నీ అమర్చిన గదిని సెన్సరీ రూమ్ అంటారు. నేను మెయిన్‌ల్యాండ్‌లో చదువుకుని ఊరికి తిరిగి వచ్చి పిల్లలకి థెరపీ చేస్తూ, మెల్లగా ఈ గదుల పనిలోకి దిగాను. మెయిన్‌ల్యాండ్‌లో చేసిన సామాను మా ఉప్పుగాలికి ఆగదు. కొక్కేలు తుప్పు పడతాయి, స్పాంజీ బూజు పడుతుంది. కరెంటు పోతే రంగురంగుల దీపాల గొట్టాలు చీకట్లో ఊరికే నిలబడతాయి. అందుకే మాకు మేమే చేసుకోవడం నేర్చుకున్నాం. ఫెరార్గంజ్‌లో ఒక వడ్రంగి, పోర్ట్ బ్లెయిర్‌లో ఒక టైలరు నాకు చెయ్యి ఆసరా.

అప్పటిదాకా నన్ను ఊయల అడిగినవాళ్లున్నారు, దుప్పటి అడిగినవాళ్లున్నారు. ఒక తల్లి తన పట్టును చేసి పెట్టమని అడగడం అదే మొదటిసారి.

పదిహేను రోజుల తర్వాత మాయాబందర్ వెళ్లాను. ట్రంక్ రోడ్డు మీద బస్సు, అడవి గేటు దగ్గర బళ్లన్నిటినీ కలిపి వదిలే కాన్వాయ్ కోసం ఎదురుచూపు, పంటు మీద నీళ్లు దాటడం, మళ్లీ బస్సు. చేరేసరికి ఒళ్లు హూనమైంది. వాళ్ల ఇల్లు దుకాణం వెనకే. ఆ అమ్మాయి వసారాలో కూర్చుని, ఒక నైలాన్ తాడు ముక్కని వేళ్ల మధ్య తిప్పుతోంది. పొడవాటి మనిషి, తల్లి కళ్లే. నావైపు చూడలేదు. నేనూ దగ్గరికి వెళ్లలేదు.

ఆ మధ్యాహ్నమే వాన పట్టుకుంది. రేకుల కింద నాకే మాట వినబడలేదు. ఆ అమ్మాయి గొంతులోంచి వచ్చిన అరుపు వాన కన్నా పెద్దదిగా ఉంది. తల్లి పరుగెత్తుకొచ్చి వెనక కూర్చుని, ఎడమచెయ్యి చుట్టేసి, వాచిన కుడిచేతిని కూడా ఎలాగో దాని మీదికి చేర్చి వేళ్లు పెనవేసింది. గడ్డం కూతురి నడినెత్తి మీద ఆనించింది. నొప్పికి ఆవిడ మొహం పాలిపోవడం నాకు కనబడుతూనే ఉంది. రెండుసార్లు పట్టు జారింది. జారినప్పుడల్లా ఆ అమ్మాయి అరచేతులు టపటపా చెవుల మీద పడేవి.

వాన తగ్గాక అడిగాను. "చెల్లీ, నన్నొకసారి అలాగే పట్టుకో. నా ఒంటికి తెలియాలి."

ఆవిడ నవ్వింది. "మీరు కూడా గుంటలైపోతారా ఏటి?" అంటూనే నా వెనక చేరింది.

చూస్తే అర్థం కానిది అప్పుడు తెలిసింది. బయటికి నడుమంతా బిగించినట్టు కనిపిస్తుంది కానీ, అసలు పట్టు భుజాల నుంచి మోచేతుల దాకానే. అక్కడ నుంచి కింద నా చేతుల్ని పూర్తిగా వదిలేసింది. ఆవిడ గుండె లోపల్నుంచి సన్నగా "ఊఁ" అని ఒక శబ్దం. అది చెవికి వినబడదు, వెన్నుకు తెలుస్తుంది. నెత్తి మీద గడ్డం బరువు. కళ్లు మూసుకున్నాను. నేను అక్కడికి వచ్చింది కొలతలు తీసుకోవడానికన్న సంగతి కాసేపు మరిచిపోయాను.

ముందు గది. దుకాణం సామాను పెట్టుకునే కొట్టు ఒకటి ఖాళీ చేయించారు. రేకుల కింద ప్లైవుడ్‌తో రెండో కప్పు వేసి, మధ్యలో కొబ్బరి పీచు దట్టంగా కూరాం. గోడలకి పాత పరుపుల దూది పెట్టి గుడ్డ తొడిగాం. పని అయ్యాక వాన వస్తే లోపల నిలబడి విన్నాను. పక్కింట్లో ఎవరో బియ్యం చెరుగుతున్నట్టుంది, అంతే. తండ్రి కూడా వచ్చి తలుపు మూసి విన్నాడు. "కమాల్ హై దీదీ, చప్పుడే లేదు," అని, మేకుల డబ్బా తీసుకుని మళ్లీ దుకాణంలోకి వెళ్లిపోయాడు. మేకులు కొట్టేవాడు, పలకలు కోసేవాడు, సామాను మోసేవాడు, కూతురి దగ్గరికి మాత్రం వెళ్లేవాడు కాదు.

వస్తువు దగ్గరే అసలు తిప్పలు. బిగుతుగా ఉండే చొక్కా కుట్టించాను, చింపేసింది. లోపల బరువులు కుట్టిన దుప్పటి చేయించాను. మా ఉక్కపోతలో దాన్ని ఎవరు కప్పుకుంటారు, విసిరి కొట్టింది. చివరికి కుర్చీ అనుకున్నాను. పడాక్ కర్రతో, సగానికి కోసిన దోనెలా వీపు, రెండు పక్కలా మెత్తలు కుట్టిన రెక్కలు. కూర్చున్న మనిషి ముందున్న తాడు లాగితే రెక్కలు ముడుచుకుని భుజాల్ని, మోచేతుల దాకా, నొక్కిపట్టుకుంటాయి. తాడు వదిలితే తెరుచుకుంటాయి. తాడు తన చేతిలోనే ఉండాలన్నది నా పట్టుదల. ఎవరంతట వాళ్లు బయటికి రాలేనిది జైలే అవుతుంది. జైలు చుట్టూ పెరిగిన మా ఊరివాళ్లకి దాని గురించి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

వడ్రంగి మొదట చేసిన కుర్చీ పట్టు చాలక తిరగ్గొట్టాం. రెండోదానికి రెక్కల వెడల్పు మార్చాం. అది వ్యాన్‌లో మాయాబందర్ చేరింది. వీపు పలకలో ఒక చిన్న మోటారు పెట్టాను, బ్యాటరీతో నడిచేది. సన్నటి అదురు వెన్నుకి తగులుతుంది. అప్పుడే నాకో ఆలోచన వచ్చింది.

"చెల్లీ, నీ గొంతే రికార్డు చేద్దామా? ఆ 'ఊఁ' అనేది. స్పీకరు పెడితే సరిపోతుంది."

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"వద్దు దీదీ. నేను పోయాక నా గొంతు వినబడితే, అది నన్ను ఎతుక్కుంటాది. కుర్చీ కిందా, గోడ ఎనకాలా ఎతుకుతాది. మోటారే ఉంచండి."

నేను మోటారే ఉంచాను. గడ్డం బరువు మాత్రం నా వల్ల కాలేదు. మెత్త కుట్టి పైనుంచి ఆనేలా చేశాను కానీ ఆ అమ్మాయి దాన్ని చేత్తో నెట్టేసేది. తీసేశాం.

ఇక నేర్పడం. మొదట తల్లి గదిలో కుర్చీ పక్కనే కూర్చునేది. తర్వాత గోడ దగ్గర. తర్వాత గుమ్మం దగ్గర. నేను నెలకోసారి వెళ్లి కొన్నాళ్లు ఉండి వచ్చేదాన్ని. వెళ్లిన ప్రతిసారీ కూతురు కుర్చీలో ఎక్కువసేపు ఉండేది, తల్లి ఇంకొంచెం చిక్కిపోయి కనబడేది. గుమ్మం దగ్గర కూర్చున్న రోజుల్లో ఆ అమ్మాయి తాడు వదిలేసి వచ్చి తల్లికి వీపు ఆనించి కూర్చునేది. అదే ఆమె అడగడం. తల్లి కదిలేది కాదు. చేతులు చీర కొంగులో చుట్టేసుకుని, "గదిలోకెళ్లు బంగారం, కుర్చీ అక్కడుంది," అనేది. ఆ పిల్ల వీపు అలాగే ఆనించి ఎదురుచూసేది. ఒకరోజు నేను చూడలేక పెరట్లోకి వెళ్లిపోయాను.

పని ఫలించిన రోజు నేను అక్కడే ఉన్నాను. తల్లి వంటింట్లో చేట ముందు పెట్టుకుని కందిపప్పు ఏరుతోంది. వాన ఒక్కసారిగా దిగింది. కూతురు లేచి, చెవుల మీద కొట్టుకుంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చి తల్లిని చూసింది. తల్లి తల ఎత్తలేదు. ఆ అమ్మాయి అటు తిరిగి గదిలోకి వెళ్లింది. కాసేపటికి తాడు కిర్రుమన్న చప్పుడు, అరుపు ఆగిపోవడం.

"వెళ్లిందా?" అంది తల్లి, చేటలోకే చూస్తూ.

"వెళ్లింది."

"తనే లాక్కుందా?"

"తనే."

ఆవిడ చిన్నపిల్లలా నవ్వింది. నవ్వుతూనే పప్పు ఏరుతూ ఉంది. రాళ్లు ఎప్పుడో అయిపోయాయి, వేళ్లు మాత్రం ఏరుతూనే ఉన్నాయి. "అయితే ఇంక నాతో పని లేదన్నమాట," అని, ఆ మాట తనకే తగిలినట్టుంది, చేట పక్కన పెట్టి మొహానికి కొంగు కప్పుకుంది. నేను పక్కన కూర్చున్నాను.

ఆ తర్వాత ఆవిణ్ణి పోర్ట్ బ్లెయిర్‌లో ఆస్పత్రిలో చేర్చారు. మా ఇంటికి దగ్గరే కాబట్టి రోజూ వెళ్లేదాన్ని. జావ పట్టుకెళ్తే రెండు చెంచాలు తాగి, "అక్కడ బారిష్ ఉందా దీదీ?" అని అడిగేది. ఆవిడ పక్కన తన తమ్ముడి భార్య ఉండేది. భర్త కూతురితో మాయాబందర్‌లోనే. సాయంత్రాలు ఆయన వీడియో కాల్ చేసేవాడు. గదిలోకి వెళ్లకుండా గుమ్మంలోంచే ఫోన్ చూపించేవాడు. అందులో కుర్చీ వీపు, కదులుతున్న తాడు, అంతే కనబడేవి. ఆవిడ మాట్లాడేది కాదు, తన గొంతు అక్కడ వినబడకూడదని పెదవులు బిగించి చూసేది. కాల్ అయిపోయాక, "బాగుంది. ఒళ్లు చేసింది," అనేది, కనబడని కూతురి గురించి.

ఒకరోజు తెల్లవారుజామున ఫోన్ వచ్చింది. నేను వెళ్లేసరికి మొహం మీద దుప్పటి కప్పేసి ఉంది.

ఆవిడతోపాటు నేనూ అంబులెన్సులో మాయాబందర్ వెళ్లాను. ఆ రోజు వాన లేదు. ఎండ కాస్తోంది. వసారాలో పడుకోబెట్టారు. బజార్లోని తెలుగువాళ్లంతా వచ్చారు, ఆడవాళ్ల ఏడుపులతో ఇల్లు హోరెత్తింది. ఆ అమ్మాయి గదిలో ఉంది. ఆమెకి ఎలా చెప్పాలో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు.

తనే బయటికి వచ్చింది. ఆడవాళ్లు ఏడుపు ఆపి, పక్కకి జరిగి దారిచ్చారు. వచ్చి తల్లిని చూసింది. తర్వాత ఎప్పుడూ కూర్చున్నట్టే, తల్లికి వీపు ఆనించి నేల మీద కూర్చుంది. చెయ్యి వెనక్కి చాచి తల్లి ఎడమచేతిని అందుకుని తన మీదికి లాక్కుంది. చెయ్యి జారిపోయింది. మళ్లీ లాక్కుంది. మళ్లీ జారింది. మూడోసారి ఆ చేతిని రెండు చేతులతో తన భుజం దగ్గర నొక్కి పట్టుకుని ఉండిపోయింది.

ఎవరో పెద్దగా ఏడ్చారు. దాంతో అందరూ ఏడ్చారు. ఆ అమ్మాయి ఉలిక్కిపడి చెవులు మూసుకుంది. లేచి, ఎవరివైపూ చూడకుండా గదిలోకి వెళ్లింది. తాడు కిర్రుమంది. తండ్రి స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆ చప్పుడు విన్నాక ఆయన కూలబడిపోయాడు.

మేం దేనికోసం చేశామో ఆ కుర్చీ ఆ రోజు ఆ పని చేసింది. అయినా దాన్ని తలుచుకుంటే నాకు సంతోషం కలగదు.

ఆ తర్వాత ఇంకో కష్టం మొదలైంది. ఆ అమ్మాయి గది వదిలి రావడం మానేసింది. వాన లేని రోజుల్లోనూ అక్కడే. అన్నం అక్కడికే. తండ్రి అక్కగారు శ్రీకాకుళం నుంచి వచ్చి చూసుకుంటోంది. మంచి మనిషే, కానీ ఆ పిల్లంటే ఆమెకి భయం. నేను వెళ్లి చూస్తే కుర్చీ మెత్తలు చెమటకి నల్లబడి ఉన్నాయి. ఆ అమ్మాయి తాడు లాగి పట్టుకుని, వదలకుండా గోడ చూస్తోంది. ఇలాంటి గదిని కాసేపు ఉండి, కుదుటపడి, మళ్లీ మనుషుల్లోకి వెళ్లడానికే కడతాం. ఇక్కడ బయటికి వస్తే వెళ్లడానికి మనిషి లేదు.

"భయ్యా, మీరు వెళ్లి కూర్చోవాలి," అన్నాను తండ్రితో.

"నన్ను రానివ్వదు దీదీ. నేనెప్పుడూ దాన్ని పట్టుకున్నవాణ్ణి కాదు. అది దాని అమ్మ పనే అనుకున్నాను. నేను దుకాణం చూసుకున్నాను."

"పట్టుకోవద్దు. ఊరికే నేల మీద కూర్చోండి. దానివైపు చూడొద్దు, మాట్లాడొద్దు."

ఆయన మధ్యాహ్నం షట్టరు దించాక వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టాడు. గోడకి ఆనుకుని, తన గోళ్లు తను చూసుకుంటూ. మొదట్లో ఆమె కుర్చీలోంచి కాళ్లతో తన్నేది. తర్వాత తన్నడం మానేసింది. చాలా వారాలకి ఒకసారి నాకు ఫోన్ చేశాడు. "దీదీ, దాని పాదం..." అని ఆగిపోయాడు. అక్కగారు ఫోన్ అందుకుని చెప్పింది. కుర్చీలోంచి పాదం చాచి తండ్రి మోకాలికి ఆనించిందట.

కిందటి వానల్లో కుర్చీ బందులు తుప్పు పట్టాయని కబురు వస్తే వెళ్లాను. రెక్కలు విప్పి, బందులు ఊడదీసి, గది మధ్యలో పరుచుకుని కూర్చున్నాను. ఆ అమ్మాయి వసారాలో ఉంది, ఆకాశం బాగానే ఉంది. మా దీవుల్లో ఆకాశాన్ని నమ్మకూడదని నాకు తెలియాలి. ఉన్నట్టుండి సముద్రం వైపు నుంచి వాన విసురుగా వచ్చి రేకుల మీద పడింది.

ఆమె గదిలోకి పరుగెత్తుకొచ్చింది. కుర్చీ లేదు. ముక్కలున్నాయి. నేను గది తలుపు వేసేలోపే తిరిగి వసారాలోకి పరుగెత్తి తల స్తంభానికేసి కొట్టుకోబోయింది. దుకాణంలోంచి తండ్రి వచ్చి వెనకనుంచి చుట్టేశాడు. ఆమె అరిచి ఆయన చెయ్యి కొరికింది. ఆయన నడుం దగ్గర బిగించి పట్టుకున్నాడు.

"భుజాల దగ్గర, భయ్యా!" అని అరిచాను. "కింద చేతులు వదిలెయ్యండి!"

ఆయన పట్టు మార్చాడు. ఆమె ఏడుపు ఆపలేదు. వాన ఆగేదాకా ఆపలేదు. కానీ విదిలించుకుని పోలేదు. వాన వెలిశాక ఆయన చేతులు తోసేసి, వెళ్లి తన తాడు ముక్క వెతుక్కుని కూర్చుంది.

ఆయన చేతి మీద పళ్ల గుర్తులు ఎర్రగా దిగి ఉన్నాయి. అక్కగారు పసుపు తెచ్చి అద్దింది. కాసేపయ్యాక ఆయన మెల్లగా అన్నాడు. "అది నిద్రపోయినప్పుడు ఒకరోజు ఆ కుర్చీలో కూర్చున్నాను దీదీ. దాని అమ్మ ఎలా పట్టుకునేదో చూద్దామని. నాకు సరిపోలేదు. భుజాలు పట్టలేదు."

నేను కొత్త బందులు బిగించి, నూనె వేసి, రెక్కలు రెండుసార్లు ముడిచి తెరిచి చూశాను. మర్నాడు పొద్దున్న బస్సుకి తిరిగి వచ్చేశాను.

ఇప్పటికీ వాన పడితే ఆ అమ్మాయి గదిలోకే వెళ్తుంది. ఆయన దుకాణంలో ఉన్నవాళ్లకి చెప్పి లోపలికొచ్చి తలుపు దగ్గర నిలబడతాడట. ఒక్కోసారి రానిస్తుంది. ఒక్కోసారి రానివ్వదు.